ఆవిడ మారిపోయింది



గుండుతో ఉన్న ఆడమనిషి ఎదురుపడితే మనవాళ్ళు అడిగే మొదటి మాట, "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని. కీమోథెరపీ తీసుకుంటున్న ఆడవాళ్ళలో చాలామంది "అవునండీ, పాత మొక్కు ఒకటి ఉండిపోయింది" అని చెప్పి, ఎదుటివాళ్ళు ప్రసాదం అడిగేలోపే అక్కణ్ణుంచి కదిలిపోతారు. మొదటి కీమో ఎక్కించిన రెండు మూడు వారాలకు జుట్టు ఊడటం మొదలవుతుంది. దువ్వెనకు పాయలు పాయలుగా వస్తుంది. పొద్దున లేచేసరికి దిండు నిండా ఉంటుంది. రోజూ అలా చూసుకోలేక ముందే గుండు చేయించేసుకునేవాళ్ళు ఉంటారు. మనకు ఆడవాళ్ళ గుండు అంటే తిరుమల కొండ మీది తలనీలాలు గుర్తొస్తాయి, లేదంటే వెనకటి కాలంలో భర్త పోయిన స్త్రీకి చేసిన అన్యాయం గుర్తొస్తుంది. రెండో అర్థం ఎవరికైనా స్ఫురిస్తుందేమోనన్న భయంతో ఆమె మొదటిదాన్ని ముందే అందిస్తుంది.

కొన్నాళ్ళు గడుస్తాయి. కీమో నాలుగో సైకిలో ఐదో సైకిలో అయ్యేసరికి, అదే ప్రశ్నకు వాళ్ళలో కొందరు వేరే జవాబు చెబుతారు. "తిరుపతి కాదండీ, క్యాన్సర్ మందులకు ఊడిపోయింది. మళ్ళీ వస్తుందన్నారు." అప్పుడు తడబడేది అడిగినవాళ్ళు. ఈ రెండు జవాబుల మధ్య ఆ మనిషిలో ఏం జరిగిందన్నదే నేను ఈరోజు మాట్లాడబోయే విషయం.

ఇది ఎక్కడో కొద్దిమంది సంగతి కాదు. మన దేశంలో 2022లో ఒక్క రొమ్ము క్యాన్సరే దాదాపు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు కొత్తగా వచ్చినట్టు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఇంకో 1 లక్షా 27 వేల మందికి. వీళ్ళలో చికిత్స పూర్తి చేసుకుని ఇల్లు చేరేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన సినిమాలు ఈ సంగతి ఇంకా నమ్మినట్టు లేవు. 1981 నాటి ప్రేమాభిషేకం దగ్గర్నుంచి క్యాన్సర్ అనగానే మనకు ఆఖరి రీలు, ఒక విషాద గీతం. రోగం వచ్చిన మనిషి ఆ తర్వాత ఏళ్ళ తరబడి రోజుకో టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటూ, కూతురికి పెళ్ళి చేసి, కోడలితో పేచీ పడి, మనవణ్ణి బడికి దింపి వచ్చే కథ ఎవరికీ పెద్దగా పట్టలేదు. నేను మనస్తత్వ శాస్త్రం చదువుకున్నదాన్ని. క్యాన్సర్ వార్డుల్లో ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది వినడం నా పని. నాకు రోజూ కనపడేది ఆ రెండో కథే.

ఈ విషయంలో ముందు చెప్పుకోవలసిన పేరు షెల్లీ టేలర్. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 78 మంది స్త్రీలతో ఆమె బృందం తీరిగ్గా కూర్చుని మాట్లాడింది. 1983లో ఆ సారమంతా ఒక వ్యాసంగా అచ్చయింది. ఇంత పెద్ద దెబ్బ తిన్న మనిషి మళ్ళీ ఎలా నిలదొక్కుకుంటుందని టేలర్ చూసింది. ఆమెకు మూడు సంగతులు కనిపించాయి. నాకే ఎందుకు వచ్చింది, దీనికి అర్థమేమిటని వెతుక్కోవడం ఒకటి. జరుగుతున్నదాని మీద ఎంతో కొంత పట్టు సంపాదించుకోవడం రెండోది. తన మీద తనకున్న గౌరవాన్ని మళ్ళీ కూడదీసుకోవడం మూడోది.

ఆ మూడోది ఎలా జరిగిందో చూస్తే నాకు మన వార్డులే గుర్తొస్తాయి. గడ్డ వరకే తీయించుకున్నవాళ్ళు, రొమ్ము మొత్తం తీసేసినవాళ్ళను తలుచుకుని అయ్యో అనుకున్నారు. రొమ్ము తీసేసిన పెద్దవయసు స్త్రీలు, నాదేముంది, పడుచుపిల్లలకు వస్తే ఎంత కష్టమని బాధపడ్డారు. పెళ్ళయినవాళ్ళు పెళ్ళికాని వాళ్ళ మీద జాలిపడ్డారు. అందరికన్నా పెద్ద కష్టంలో ఉన్నవాళ్ళు కూడా, నొప్పి లేదు కదా, అదే పదివేలని సర్దిచెప్పుకున్నారు. ప్రతి ఒక్కరికీ తనకన్నా దిగువన ఇంకొకరు దొరికారు. పుస్తకాల్లో దీన్ని రకరకాలుగా విశ్లేషిస్తారు గానీ, మనకది కొత్తేమీ కాదు. మన అమ్మమ్మలు ఎంత కష్టమొచ్చినా ముందు వేసుకునే లెక్క అదే.

కీమో డే కేర్ వార్డులోకి ఒక్కసారి తొంగిచూడండి. వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన సెలైన్ స్టాండు. కొందరికి ఎర్రమందు ఎక్కుతుంటుంది. దాని అసలు పేరు డాక్సోరూబిసిన్, కానీ వార్డులో ఎవరూ ఆ పేరు పలకరు. అది ఎక్కించుకున్నాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ఆ సంగతి సిస్టర్ చెప్పే ఉంటుంది, కానీ ఆ కంగారులో చెవికెక్కదు. బాత్రూములోంచి కొత్తగా వచ్చినామె బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడిపోతుంది. రక్తం పోతోందనుకుంటుంది. అప్పుడు పక్క కుర్చీలోంచి ఒక గొంతు, "మీది ఎన్నోదండీ?"

"మొదటిది."

"నాది నాలుగోది. అది మందు రంగమ్మా, రక్తం కాదు. రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. ఈ వారంలో నోరు పూస్తుంది, కారం మానేయండి. మూడోరోజు కాళ్ళు లాగేస్తాయి, ఆ రోజుకి వంట పెట్టుకోకండి. జ్వరమొస్తే మాత్రం ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకండి, ఏ రాత్రైనా సరే ఆస్పత్రికి ఫోన్ చేయండి. కౌంటు పడిపోయినప్పుడు జ్వరం మంచిది కాదు."

ఈ మాటలు చెబుతున్నామె ఏ మెడికల్ కాలేజీలోనూ చదవలేదు. మూడు సైకిళ్ళ కిందట తనూ ఆ గోడ పట్టుకునే నిలబడింది. డాక్టరు ఏమడిగినా భర్త మొహం వైపు చూసింది. తన ఫైలు తను తెరిచి చూడలేదు. ఇప్పుడు తనకు ఎక్కుతున్న మందు పేరు, పోయిన వారం తన తెల్లకణాల లెక్క, తర్వాతి తేదీ, అన్నీ ఆమెకు నోటికొచ్చు. పైగా ఇంకొకరికి ధైర్యం చెప్పగలుగుతోంది.

ఈ మార్పుకు ఒక పేరు ఉంది. అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం షార్లట్ శాఖలో పనిచేసిన రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్ అన్నారు. గాయం తర్వాతి ఎదుగుదల అనుకుందాం. 1996లో 21 ప్రశ్నలతో దీన్ని కొలిచే పట్టిక ఒకటి తయారుచేశారు. అందులో ఐదు కోణాలు. నాలో ఇంత బలం ఉందా అని తెలియడం, కొత్త దారులు కనపడటం, మనుషులతో దగ్గరితనం పెరగడం, బతుకు విలువ తెలిసిరావడం, ఆధ్యాత్మికంగా ఒక మార్పు. వాళ్ళు చెప్పే పోలిక భూకంపం. మనిషికి లోకం మీద కొన్ని నమ్మకాలుంటాయి. నేను ఎవరికీ చెడు చేయలేదు కాబట్టి నాకు చెడు జరగదు, నా ఒళ్ళు నా మాట వింటుంది, రేపు కూడా నిన్నటిలాగే ఉంటుంది, ఇలాంటివి. బయాప్సీ రిపోర్టు వాటిని ఒక్క దెబ్బకు కూల్చేస్తుంది. కూలిన చోట మళ్ళీ కట్టుకోవాలి, ఈసారి ఇంకో కుదుపును తట్టుకునేలా కట్టుకోవాలి. ఎదుగుదల ఆ కట్టుకోవడంలో ఉందన్నది వాళ్ళ వాదన. కూల్చినందుకు భూకంపానికి దండం పెట్టమని వాళ్ళు చెప్పలేదు.

ఈ ఐదు కోణాలనూ అమెరికా పట్టికలో చదివితే అన్నీ ముచ్చటగానే ఉంటాయి. అవే మన ఇళ్ళలోకి వచ్చేసరికి ఏ రూపంలో కనిపిస్తాయో నేను చెబుతాను. ఫాలో అప్‌కు వచ్చిన భర్తలు, అత్తగార్లు నాతో వంతులవారీగా అనే మాట ఒకటుంది. "మేడమ్, ట్రీట్‌మెంట్ బాగానే జరిగింది. కానీ ఆవిడ మారిపోయిందండీ."

ఏం మారింది అని అడుగుతాను. ఒకాయన చెప్పిందిది. పల్లెటూరి రైతు, మంచి మనిషి, భార్య చికిత్స కోసం తిరగని చోటు లేదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలాక కూడా ఆమె నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ముందు పిల్ల పదో తరగతి పరీక్షలన్నది. తర్వాత ఆవకాయల రోజులొచ్చాయి. ఆ తర్వాత పంట డబ్బు చేతికి రానీ అనుకుంది. అందరి పనులూ అయ్యాక తన వంతు వచ్చేసరికి గడ్డ పెరిగింది, చంకలో గ్రంథులకు కూడా పాకింది. ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఆయన ఫిర్యాదు ఏమిటంటే, సంక్రాంతికి ఆడపడుచులు వస్తే, "అరిసెలు ఈసారి కొనుక్కొద్దాం. గ్రంథులు తీసేసిన చెయ్యి, పాకం కలిపితే సాయంత్రానికి వాచిపోతోంది" అని అందరి ముందూ అనేసిందట. పొలం కాగితాల్లో నా పేరు కూడా పెట్టండి అందట. చెకప్ తేదీ నాడే బంధువుల పెళ్ళి వస్తే, మీరు వెళ్ళిరండి, నేను ఆస్పత్రికి వెళ్తాను అందట. ఇదివరకు ఇలా ఉండేది కాదండీ, అన్నాడు.

ఆమె పక్కనే కూర్చుని వింటోంది. తల వంచుకోలేదు. మెల్లగా ఒకటే మాటంది. "ఇదివరకు లాగే ఉంటే ఈసారి బతకనండీ."

నేను ఈ ప్రసంగంలో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మన ఇళ్ళలో ఆడమనిషి ఎదుగుదల మొదట పొగరులా కనిపిస్తుంది. బలం తెలిసిరావడం అంటే ఎదురు మాట్లాడటం అనిపిస్తుంది. బతుకు విలువ తెలియడం స్వార్థంలా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి తన ఒంటిని ఆఖరి వరసలో పెట్టిన మనిషి దాన్ని ఒక్క వరస ముందుకు జరిపితే చాలు, ఇల్లంతా కుదుపుకు లోనవుతుంది. చికిత్స జరిగినన్నాళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న కుటుంబాలే, అది అయిపోగానే పాత మనిషిని తిరిగి ఇమ్మని అడుగుతాయి. పాత మనిషి తిరిగి రాదు. రాకూడదు కూడా.

ఈ ఎదుగుదలకు మనమే అడ్డుపడే చోటు ఇంకొకటుంది, అది మొదటి రోజే. రిపోర్టు రాగానే కొడుకో అల్లుడో డాక్టరు గదిలోకి ఒంటరిగా వచ్చి, "సార్, ఆమెకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేదు" అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆ ప్రేమ వల్ల ఏం జరుగుతుంది? క్యాన్సర్ ఆస్పత్రి అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. పక్క మంచం ఆమె తన రోగం పేరు పైకే చెబుతుంది. ఈమెకు మూడో రోజుకల్లా తెలిసిపోతుంది. తెలిసినట్టు ఇంట్లోవాళ్ళకు తెలియనివ్వదు, వాళ్ళు తట్టుకోలేరని. ఇక ఆ ఇంట్లో అందరూ నటిస్తారు. తన ఒంటికి ఏమైందో పైకి అనలేని మనిషి దాని గురించి అడగలేదు, ఏడవలేదు, ఏదీ నిర్ణయించుకోలేదు. ఒక్కసారిగా అంతా గుమ్మరించమని నేననను. ఎంత తెలుసుకోవాలని ఉందో ఆమెనే అడగండి. వద్దంటే ఆ మాటా గౌరవించాల్సిందే. కానీ అడగాల్సింది ఆమెను.

తెలిశాక ఆలోచనలు మొదలవుతాయి. ఇవి రెండు రకాలని టెడెస్కీ, కల్హూన్ చెబుతారు. పిలవకుండా వచ్చి తొలిచేవి మొదటి రకం. రాత్రి రెండు గంటలకు లేపేస్తాయి. ఏ జన్మలో ఏం పాపం చేశానో, పిల్లలేమైపోతారో అని అదే చుట్టు తిరుగుతాయి. రెండో రకం మనిషి కూర్చుని కావాలని చేసే ఆలోచన. ఇప్పుడు ఏం చెయ్యాలి, ఇన్నాళ్ళూ దేనికి పరుగెత్తాను, ఏది వదిలెయ్యవచ్చు. మొదటి రకం నుంచి రెండో రకానికి జరగడంలోనే ఎదుగుదలకు ఆస్కారం ఉంది. దానికి టైము పడుతుంది. మొదటి రకాన్ని దాటకుండా ఎవరూ రెండోదానికి రాలేరు. అందుకే "ఆలోచించకు, టీవీ చూడు" అనే సలహా వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

అలా మొదటి రకం నుంచి రెండోదానికి జరగడానికి బాగా పనికొచ్చేది మాట. 2001లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో రొమ్ము క్యాన్సర్ దాటినవాళ్ళను, ఆ జబ్బు రాని స్త్రీలను పోల్చి చూశారు. తమ జబ్బు గురించి నలుగురితో మాట్లాడినవాళ్ళలో ఈ ఎదుగుదల ఎక్కువగా కనిపించింది. ఇంకో విశేషం, ఎదుగుదల ఉన్నవాళ్ళకు బాధ తక్కువగా ఏమీ లేదు. రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉన్నాయి. "ఈ జబ్బు నన్ను మనిషిని చేసింది" అని పొద్దున చెప్పినామె సాయంత్రం అద్దం ముందు కూలబడి ఏడిస్తే, ఆమె పొద్దున అబద్ధం చెప్పిందని అర్థం కాదు.

ఈ మాట్లాడుకోవడానికి పెద్ద చరిత్రే ఉంది. 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆమెకు రొమ్ము తీసేశారు. బట్టలెలా వేసుకోవాలి, చెయ్యి మళ్ళీ పైకి ఎలా లేపాలి, భర్తకు ఎలా చెప్పాలి, వీటికి ఆమెకు జవాబు చెప్పిన నాథుడు లేడు. తేరుకున్నాక తనే ఆస్పత్రులకు వెళ్ళి, కొత్తగా ఆపరేషన్ అయిన స్త్రీల మంచాల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. డాక్టర్లు మొదట ఇష్టపడలేదు. ఆమె మానలేదు. అదే రీచ్ టు రికవరీ అనే కార్యక్రమమైంది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దాన్ని తనలో చేర్చుకుంది. ఈనాడు ఎన్నో దేశాల్లో ఉంది.

అయితే కథ అక్కడ ఆగలేదు, ఆగనందుకే నాకు ఇష్టం. 1978లో ఆడ్రీ లార్డ్ అనే నల్లజాతి కవయిత్రికి రొమ్ము తీసేశారు. ఆమె మంచం దగ్గరికి ఇదే కార్యక్రమం తరఫున ఒక స్వచ్ఛంద సేవకురాలు వచ్చి, ఉన్ని కూరిన లేత గులాబీ రంగు మెత్త ఒకటి చేతిలో పెట్టింది. దీన్ని లోపల పెట్టుకుంటే ఎవరికీ తేడా తెలియదని ఆమె ఉద్దేశం. ఆ మెత్త తన ఒంటి రంగుది కూడా కాదని లార్డ్‌కు అర్థమైంది. పెట్టుకోనంది. కొన్నాళ్ళకు డాక్టరు క్లినిక్‌కు వెళితే, మీరిలా వస్తే ఇక్కడి మిగతా వాళ్ళ ధైర్యం సన్నగిల్లుతుందని నర్సు మందలించింది. 1980లో లార్డ్ రాసిన ద క్యాన్సర్ జర్నల్స్ పుస్తకంలో ఈ సంగతులన్నీ ఉన్నాయి. ఒక స్త్రీకి ఊరటగా దొరికింది ఇంకో స్త్రీకి నోరు నొక్కినట్టు అనిపించింది. లాసర్ తప్పు చేసిందని నేను అనను. పెట్టుకోవాలని ఉన్నవాళ్ళు పెట్టుకుంటారు, విగ్గు కావాలన్నవాళ్ళు విగ్గు కొనుక్కుంటారు. ఎవరి ఎదుగుదల ఏ రూపంలో ఉండాలో పక్కవాళ్ళు నిర్ణయించకూడదు, అంతే.

మన దగ్గర కూడా నోరు విప్పినవాళ్ళున్నారు. నటి గౌతమి రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నాక లైఫ్ ఎగైన్ ఫౌండేషన్ పెట్టింది. 2021 డిసెంబరులో నటి హంసానందిని తన చికిత్స గురించి, అదే జబ్బుకు తల్లిని పోగొట్టుకోవడం గురించి, తన గుండు ఫోటోతో సహా బయటపెట్టింది.   తెలుగు పత్రికలు ఇలాంటివి రాసినప్పుడు మాత్రం "క్యాన్సర్‌ను జయించిన ధీర వనిత" అని శీర్షిక పెడతాయి. అది చదివిన, నాలుగో దశలో ఉన్న ఒకామె నన్ను అడిగింది: "అయితే నేను సరిగ్గా పోరాడలేదంటారా?"

నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఆమె మీద కోపం కాదు, ఆమెకు ఆ అనుమానం నాటినవాళ్ళ మీద. క్యాన్సర్ రోగుల మనసు గురించిన వైద్యానికి పునాది వేసినవాళ్ళలో జిమ్మీ హాలండ్ ముఖ్యురాలు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో 1977 నుంచి పనిచేసిన సైకియాట్రిస్టు. ఎప్పుడూ సానుకూలంగానే ఉండాలని రోగిని వేధించడం ఒక రకం నిరంకుశత్వమని ఆమె తన పుస్తకంలో రాసింది. పరిశోధనలూ ఆమె మాటనే బలపరుస్తున్నాయి. బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ తొలిదశలో ఉన్న 578 మందిని ఐదేళ్ళపాటు గమనించి 1999లో ఫలితం ప్రకటించారు. పోరాట పటిమ ఉన్నంత మాత్రాన ఆయుష్షు పెరిగిన దాఖలా కనిపించలేదు.

ఇంకో పెద్ద ఆశ కూడా అలాగే తేలింది. డేవిడ్ స్పీగెల్ 1989లో ఒక సంచలన ఫలితం ప్రకటించాడు. రొమ్ము క్యాన్సర్ ఒళ్ళంతా పాకిన 86 మందిలో, వారం వారం కలిసి కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నవాళ్ళు సగటున ఏడాదిన్నర ఎక్కువ బతికారని. ప్రపంచమంతా సంబరపడింది. 2001లో కెనడాలో 235 మందితో మళ్ళీ చేసి చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు. స్పీగెల్ బృందం స్వయంగా మళ్ళీ చేసినా రాలేదు. కానీ కెనడా స్త్రీలలో మనసు బరువు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. ఆయుష్షు పెంచకపోతే ఇదంతా ఎందుకని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఉన్న రోజులు నొప్పి తక్కువగా, నలుగురి మధ్య గడవడం చిన్న సంగతా?

ఆ 578 మంది పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది. ఆశ పూర్తిగా వదిలేసుకుని నిస్సహాయంగా మిగిలినవాళ్ళ ఫలితాలు కొంత అధ్వానంగా ఉన్నాయి. కాబట్టి ధైర్యాన్ని బలవంతపెట్టకూడదు, కుంగుబాటును వదిలెయ్యనూకూడదు. రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు పోకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండె బరువెక్కడం, నేను లేకపోతేనే వీళ్ళకు నయం అనే మాట నోట రావడం, వీటిని కీమో నీరసం అని కొట్టిపారేయకండి. వీటికి మందులున్నాయి, పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త, టామాక్సిఫెన్ వాడుతుంటే ఆ సంగతి సైకియాట్రిస్టుకు తప్పకుండా చెప్పాలి. మనసు మందుల్లో కొన్ని దాని పనిని తగ్గిస్తాయి, డాక్టరు వేరేది ఎంచుకుంటారు. ఊళ్ళో సైకియాట్రిస్టు లేకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

చికిత్స ముగిసిన తర్వాతి రోజుల గురించి కూడా ఒక మాట. 1996లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రిలో ఒక నౌకాదళ అధికారి రేడియేషన్ పూర్తయిన రోజున గంట మోగించాడు. ఆ ఆచారం ఇప్పుడు మన ఆస్పత్రుల్లోనూ కొన్నిచోట్ల కనపడుతోంది. గంట కొడతారు, చప్పట్లు, సెల్ఫీలు. ఎప్పటికీ మందులు ఆపకూడని ఒకామె అదే వరండాలో కూర్చుని అది వింటుంటుంది. గంట కొట్టినామె పరిస్థితి కూడా మనమనుకున్నంత సుఖంగా ఉండదు. ఇన్నాళ్ళూ మూడు వారాలకోసారి ఎవరో ఒకరు చూసేవాళ్ళు, రక్తపరీక్ష చేసేవాళ్ళు. ఇప్పుడు ఒక్కసారిగా మూడు నెలల తర్వాత రమ్మన్నారు. నడుం నొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా మళ్ళీ అదేనేమోనని గుండె దడ. చాలామందికి అసలు ఏడుపు అప్పుడే వస్తుంది. ఇంట్లోవాళ్ళేమో "అంతా అయిపోయిందిగా, ఇంకా ఏమిటీ" అంటారు. కూలినదాన్ని మళ్ళీ కట్టుకునే పని నిజానికి అప్పుడే మొదలవుతుంది. ఆ నెలల్లో ఆమెకు మనుషులు కావాలి.

మీ ఇంట్లో చికిత్సలో ఉన్న ఆడమనిషి ఉంటే, ఈసారి ఆస్పత్రికి బయల్దేరే ముందు రోజు రాత్రి ఆమె పక్కన కూర్చుని, డాక్టరుగారిని నువ్వేం అడగాలనుకుంటున్నావు అని అడగండి. ఆమె చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాయండి. చిన్నవని తీసెయ్యకండి. జుట్టు ఎప్పుడొస్తుంది, ఈ మందు ఇంకా ఎన్నాళ్ళు, చెయ్యి ఎందుకు వాస్తోంది, భర్తతో ఉండొచ్చా, పొలానికి వెళ్ళొచ్చా, అన్నీ రాయండి. డాక్టరు గదిలోకి వెళ్ళాక ఫైలూ కాగితమూ రెండూ ఆమె చేతికే ఇవ్వండి. ఆమె అడుగుతున్నప్పుడు మధ్యలో మీరు అందుకోకండి.